కుందేళ్ళ లంక

శనివారం, రాత్రి.

ఇవాళ నాన్నగారిని కోనీ ఐలాండ్‌కు తీసుకువెళ్ళాను. న్యూజెర్సీ నుంచి మన్‌హాటన్ చేరి, అక్కడ క్యూ రైలెక్కి, బ్రూక్లిన్ దక్షిణపు కొసన ఉన్న చివరి స్టేషనులో దిగేసరికి పదకొండు దాటింది. దిగీ దిగగానే ఆయన, "ఐలాండంటే లంకే కదమ్మా, మొదట్లో ఆ పెద్ద వంతెన దాటాక మళ్ళీ ఎక్కడా నీళ్ళు దాటలేదేం?" అని అడిగారు. నరసాపురంలో పుట్టి, చిన్ననాటి నుంచి గోదావరి లంకలకు పడవ మీద తిరిగిన మనిషికి ఆ అనుమానం రావడం సహజమే.

ఒకప్పుడు ఇది నిజంగా లంకే. పడమట గ్రేవ్‌సెండ్ అఖాతాన్నీ తూర్పున షీప్స్‌హెడ్ అఖాతాన్నీ కలిపే ఉప్పుటేరొకటి దీన్ని బ్రూక్లిన్ నేల నుంచి వేరుచేసేది. గత శతాబ్దపు తొలి సగంలో ఆ ఏటిని చాలా మేర పూడ్చివేయడంతో లంక కాస్తా ఒడ్డుకు అతుక్కుపోయింది. పడమటి ముక్క మాత్రం ఇంకా మిగిలి ఉంది.

మరి కోనీ అంటే ఏమిటన్నారు. కుందేలు అన్నాను. డచ్చి భాషలో కుందేలును కొనైన్ అంటారు. 1639 నాటి డచ్చి పటంలోనే ఈ ఇసుక నేలకు కోనైన్ ఐలాండ్ అన్న పేరుంది. 1609లో నావికుడు హెన్రీ హడ్సన్ ఓడలో వచ్చి, ఇక్కడి మూలవాసుల బాణానికి చనిపోయిన జాన్ కోల్మన్ పేరే అరిగి కోనీ అయిందని చెప్పేవారూ ఉన్నారు గాని, పటంలోని ఆ పేరు చూశాక నా మనసు కుందేళ్ళ వైపే మొగ్గుతుంది. పైగా పాతకాలపు ఇంగ్లీషులోనూ కుందేలును కోనీ అనే అనేవారు కనుక, 1664లో ఈ ప్రాంతం ఇంగ్లీషువారి చేతికి వచ్చినా పేరు మార్చవలసిన అవసరం కలగలేదనుకుంటాను. ఇక్కడి వినోదాల పార్కులైన స్టీపుల్‌చేజ్ 1897లోనూ, లూనా 1903లోనూ తెరిచేనాటికి ఆ పేరు వయసు రెండున్నర శతాబ్దాలు దాటింది.

డచ్చివారన్న మాట వినగానే నాన్నగారి ముఖం వెలిగింది. "అంటే వలందులే కదా! మన వలంధర రేవు వాళ్ళదే" అన్నారు. ఆ పదిహేడో శతాబ్దంలోనే వారు గోదావరి ఒడ్డున నరసాపురంలోనూ, పాలకొల్లులోనూ వర్తకం చేశారు. ఇక్కడ వాళ్ళు కుందేళ్ళ పేరు నేలకు పెడితే, అక్కడ మనవాళ్ళు రేవుకు వాళ్ళ పేరే పెట్టుకున్నారు. ఒకే జాతివారి ఓడలు ఈ రెండు తీరాలకూ వచ్చాయన్న సంగతి, నాన్నగారి పక్కన నడుస్తూ ఉండగా, నాకు ఎంతో ఆత్మీయంగా అనిపించింది.

చెక్కబాట మీద బల్ల చూసుకుని కూర్చున్నాం. వెనుక 1927 నాటి సైక్లోన్ రోలర్‌కోస్టర్ కొయ్య పట్టాల మీదుగా దిగుతున్న బండ్ల చప్పుడు, పిల్లల కేకలు. దక్షిణానికి తిరిగిన తీరం కావడంతో ఎండ సూటిగా పడుతోంది. డచ్చివారికి ముందు ఇక్కడ బతికిన లెనాపే ప్రజలు దీన్ని నారియోక్ అనేవారు; నీడలేని చోటని దానికి అర్థం చెబుతారు. ఆ మాట విని నాన్నగారు కండువా తలకు చుట్టుకున్నారు. తరువాత, అక్కడ రాత్రి పదవుతున్నా, నరసాపురంలో ఉన్న పెదనాన్నగారికి ఫోన్ చేసి, "అన్నయ్యా, కుందేళ్ళ లంకలో ఉన్నాం" అని చెప్పారు.