ఆరో పన్ను మొలిచిందేమో చూడండి: పిల్లల దవడ పళ్లకు సీలెంట్

పాల పళ్లు పైన పది, కింద పది. ముందు పళ్ల మధ్య సందు నుంచి ఒక్కో వైపుకి లెక్కపెడితే ఐదేసి వస్తాయి. ఆరోది కనిపించిందంటే అది పాల పన్ను కాదు, జీవితాంతం ఉండాల్సిన దవడ పన్ను. ఆరేళ్ల ప్రాంతంలో వస్తుంది. దానికి చోటివ్వడానికి ఏ పాల పన్నూ ఊడదు. వరస చివర చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది కాబట్టి చాలా ఇళ్లలో దాని సంగతే తెలియదు. పుచ్చిపోయాక చూసినా "పాల పన్నే కదా, ఊడిపోతుందిలే" అని వదిలేస్తుంటారు. పన్నెండేళ్లకు దాని వెనక వచ్చే ఏడో పన్నుదీ ఇదే కథ. ఆ వయసులో పిల్లలు నోరు తెరిచి చూపించమంటే వినరు కూడా.

ఈ పళ్ల నమిలే భాగంలో సన్నటి గాడులుంటాయి. పైకి గీతల్లా కనిపించినా లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతాయి. చాలా గాడులు బ్రష్ పోగు కన్నా సన్నం. ఎంత శ్రద్ధగా తోమినా అడుగుకి బ్రష్ చేరదు, పన్ను పైనుండే గట్టి పొర, ఎనామిల్, పలచగా ఉండేది కూడా ఆ అడుగునే. పైగా సగం మొలిచిన పన్ను ముందున్న పళ్లంత ఎత్తుకి రాదు, బ్రష్ దానికి తగలకుండానే పోతుంది. అందుకని పన్ను పూర్తిగా వచ్చేదాకా బ్రష్‌ని బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి, ఆ ఒక్క పన్నునీ విడిగా తోమాలి. ఈ పని పెద్దవాళ్లే చేయాలి.

సీలెంట్ అంటే ఆ గాడులను మూసేసే పలచటి రెసిన్ (ద్రవంగా పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూత. ఇంజెక్షన్ ఉండదు, పన్నుని అరగదీయడం ఉండదు. ముందు పన్నుని బ్రష్‌తో శుభ్రం చేసి, చుట్టూ దూది చుట్టలు పెట్టి లేదా రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ పరిచే పలచటి రబ్బరు రేకు) తగిలించి, ఉమ్మి తగలకుండా ఆరబెడతారు. తర్వాత 35 నుంచి 37 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్ జెల్ రాసి 15 నుంచి 30 సెకన్లు ఉంచుతారు. ఆసిడ్ అనగానే కంగారు పడక్కర్లేదు, అది ఎనామిల్ పైపొరలో కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలు మాత్రమే చేస్తుంది. రెసిన్ ఆ రంధ్రాల్లోకి దిగి గట్టిపడుతుంది, పట్టంతా అక్కడిదే. 1955లో మైకేల్ బ్యూనకోర్ ఈ పద్ధతిని ప్రతిపాదించారు. రంగు బాగా పట్టాలని లోహాలకు ముందుగా ఆసిడ్ పూసే పరిశ్రమల పద్ధతి నుంచి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది.

జెల్‌ని నీళ్లతో బాగా కడిగి, మళ్లీ గాలితో ఆరబెడతారు. అప్పుడు పన్ను మెరుపు పోయి సుద్ద పూసినట్టు తెల్లగా కనిపించాలి. అలా కనిపించకపోతే మళ్లీ జెల్ రాయాల్సిందే. సీలెంట్లు ఊడిపోవడానికి ముఖ్య కారణం ఈ దశలో తగిలే ఉమ్మి. పిల్లలు ఒక్కసారి నాలుక కదిపినా చాలు, ఆ రంధ్రాలు పూడిపోతాయి. తుడిచేసి ముందుకు పోతే లాభం లేదు, మళ్లీ జెల్ రాసి, కడిగి, ఆరబెట్టాలి. గాలి గొట్టంలోంచి తేమో నూనో వచ్చినా ఇదే తంటా. అద్దం మీదికి ఒకసారి గాలి ఊది చూస్తే తెలిసిపోతుంది. పక్కన సహాయకులు ఉండి ఉమ్మి లాగేస్తుంటే పని నిలుస్తుంది. ఒక్కరే అన్నీ చేసుకుంటుంటే, అందులోనూ కుదురుగా ఉండని పిల్లలకి, కష్టమే.

ఇక రెసిన్‌ని సన్నటి మొనతో గాడి పొడవునా పారిస్తారు. వెంటనే దాన్ని గట్టిపరిచే లైట్ పెట్టేస్తే అడుగున గాలి బుడగలు ఉండిపోతాయి. కొన్ని సెకన్లు ఆగి, బుడగలుంటే మొనతో తీసి, ఆ తర్వాత నీలి కాంతి పెట్టాలి. మామూలుగా 20 సెకన్లు, కొన్ని రకాలకు ఇంకాస్త ఎక్కువ. గట్టిపడ్డాక పైన జిగురుగా మిగిలే పొరను తడి దూదితో తుడిచి, పుక్కిలించి ఉమ్మేయించాలి. రెసిన్‌లోని బీపీఏ (బిస్ఫినాల్ ఏ అనే రసాయనం) గురించి భయపడే తల్లిదండ్రులకు ఈ తుడవడం ముఖ్యం. బయటపడేది ఎలాగూ అతి స్వల్పం, అదీ మొదటి కొద్ది గంటల్లోనే. చివరగా మొనతో పెకలించి చూస్తారు. ఊడొస్తే అప్పుడే ఊడిరావాలి, ఇంటికెళ్లాక కాదు.

పన్ను వెనక భాగాన్ని ఇంకా చిగురు కప్పి ఉంటే అక్కడ తేమ ఆపడం కుదరదు. అలాంటప్పుడు గ్లాస్ అయానమర్ అనే సిమెంట్ లాంటి పూత వేయించడం నయం. అది రెసిన్ అంతకాలం నిలవదు కానీ కాస్త తేమని ఓర్చుకుంటుంది, పళ్లను పుచ్చకుండా కాపాడే ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. పన్ను పూర్తిగా వచ్చాక రెసిన్ వేయొచ్చు. ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్ల మీద రాసే ఫ్లోరైడ్ పూత) కూడా అదే రోజు ఉంటే సీలెంట్ ముందు, వార్నిష్ తర్వాత.

గాడిలో తెల్ల మచ్చో గోధుమ రంగు గీతో ఉండి, ఎనామిల్ విరగకపోతే దాని మీదే సీలెంట్ వేయొచ్చు. తిండి అందక లోపలి క్రిములు నీరసిస్తాయి, పుచ్చు ఆగుతుంది. గుంట పడిందంటే మాత్రం ఫిల్లింగే.

సీలెంట్ దవడ పళ్ల పుచ్చుల్లో 80 శాతాన్ని రెండేళ్ల పాటు, 50 శాతాన్ని నాలుగేళ్ల వరకు ఆపుతుందని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. ఆరు నెలలకోసారి చూపిస్తే అరిగిన చోట మళ్లీ వేస్తారు. ఒకవేళ ఊడిపోయినా, అసలు వేయించని పన్ను కన్నా దానికి ముప్పు ఎక్కువేమీ కాదు. కొరికినప్పుడు ఎత్తుగా తగులుతోందని పిల్లలంటే చెప్పి సరిచేయించండి.

పళ్ల మధ్య సందులను మాత్రం సీలెంట్ కాపాడదు. ఆరో పన్ను ముందు భాగం ఐదో పాల పన్నుకి ఆనుకుని ఉంటుంది. పాల పన్ను ఆ పక్క పుచ్చితే దీనికీ అంటుతుంది. రోజూ రాత్రి ఆ సందులో ఫ్లాస్ దారం తిప్పాలి, కనీసం 1000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్‌తో తోమి ఉమ్మేయించాలి. ఆ తర్వాత నీళ్లతో పుక్కిలించనివ్వకండి.