'వనా', 'వన': నా రెండో ప్రయత్నంలో తేలిన చిక్కుముడి

అధ్యాపక, పరిశోధక అర్హతల కోసం రాసే యూజీసీ నెట్ పరీక్షలో, భాషాశాస్త్రం సబ్జెక్టులో ఈసారి జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) సాధించాను. పేపర్ల తీరు, సిలబస్ మీకు తెలిసినవే కనుక, మొదటి ప్రయత్నంలో నన్ను దెబ్బతీసిన టిబెటో-బర్మన్ భాషా కుటుంబంలోని (మణిపురి, మిజో, నేవారీ వంటి భాషల) పురుషభేదం గురించే రాస్తున్నాను.

వెళ్లాను, వెళ్లావు, వెళ్లాడు అన్నట్టు క్రియ చివర పురుష ప్రత్యయం ఉండి తీరుతుందన్న తెలుగు అలవాటుతోనే అప్పుడు ఆ భాషలను చదివాను. మణిపురిలో సర్వనామం ఏదైనా 'చత్లి' అన్న క్రియ మారదు. పురుషభేదం 'ఇపా', 'నపా', 'మపా' (నా తండ్రి, నీ తండ్రి, అతని తండ్రి) వంటి బంధువాచకాల ముందు కనిపిస్తుంది. మిజోలో 'క పా' (నా తండ్రి) అనేటప్పటి 'క'యే 'క కల్' (నేను వెళ్తాను) అనేటప్పుడూ వస్తుంది. నేపాల్, సిక్కింలలో మాట్లాడే లింబూలో ప్రథమ పురుషతో (అతను, ఆమె) జతపడినప్పుడు, మధ్యమ పురుష (నువ్వు) కర్తయినా కర్మయినా క్రియకు ముందు 'కె' చేరుతుంది. ఇవన్నీ బట్టీపట్టాను, పరీక్ష హాల్లో అన్నీ కలగాపులగమయ్యాయి.

ఖాట్మండూ లోయలోని నేవారీ దగ్గర పూర్తిగా చిక్కుకుపోయాను. 'నేను వెళ్లాను' అంటే 'జి వనా'. నువ్వు వెళ్లినా అతను వెళ్లినా 'వన'. ఇది ఉత్తమ పురుష ప్రత్యయమే అనుకుంటే, 'నువ్వు వెళ్లావా?' అన్న ప్రశ్నలో మళ్లీ 'వనా' ఎందుకొస్తుంది? భాషావేత్త ఆస్టిన్ హేల్ 1980లో వివరించిన ఈ విభజనను నెలల తరబడి తిరగేసినా అంతుపట్టలేదు. ఒకరోజు ఇంట్లో అమ్మ, 'నాన్నగారు రేపు వస్తానన్నారు' అంది. వస్తున్నది నాన్నగారు, క్రియ మాత్రం 'వస్తాను'! ఎవరి మాటో వారి పురుషే మన అనుకరణ వాక్యంలో (ఇతరుల మాటను చెప్పే వాక్యంలో) నిలుస్తుంది. నేవారీలోనూ 'తాను వెళ్లానని చెప్పాడు' అనేటప్పుడు, చెప్పినవాడూ వెళ్లినవాడూ ఒకరే అయితే 'వనా' వస్తుంది. ప్రశ్నలో మనకు ఆ పోలిక లేదు. అక్కడ నేవారీ, జవాబు తెలిసిన ఎదుటివారి వైపు నుంచి క్రియను ఎంచుకుంటుంది.

ఒక్క అంశానికి నెలల తరబడి సమయం ఇవ్వడం తెలివితక్కువతనమని మిత్రులు అన్నారు, నేను ఒప్పుకోను. రోజూ తెల్లవారుజామున ఒక గంట, చూడకుండా పట్టికలు చేత్తో రాసే క్రమశిక్షణ ఉంటేనే ఈ భాషలు లొంగుతాయి. మిగతా యూనిట్లు పాత ప్రశ్నపత్రాలతోనే దాటాను. పురుష ప్రత్యయాలు ఈ కుటుంబపు మూలభాషలోనే ఉన్నాయా, తర్వాత పుట్టాయా అన్న వాదంలో భాషావేత్తలు లాపొల్లా, డెలాన్సీల పక్షాలు రెండూ తప్పక చదవండి. నేవారీలో మరొకటి విడిచిపెట్టకండి: తన ప్రమేయం లేకుండా జరిగిన పనికి 'నేను' కర్తయినా 'వన' తరహా రూపమే వస్తుంది.