నా మొదటి పికొలో ట్రంపెట్

మూడు నెలల వెతుకులాట తర్వాత నిన్న రాత్రి సికింద్రాబాద్‌లోని మా ఇంటికి నా మొదటి పికొలో ట్రంపెట్ (మామూలు దానికంటే చిన్నగా ఉండి, పై స్థాయిలో పలికే ట్రంపెట్) వచ్చింది. సెకండ్ హ్యాండ్‌దే. పైపూత అక్కడక్కడా లేచిపోయింది, అయినా చేతిలోంచి కింద పెట్టబుద్ధి కావట్లేదు.

తక్కువ ధరకు వస్తోందని మూడు వాల్వుల (స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కేవి) కొత్తది కొనబోతుంటే మా సార్ ఆపారు. మామూలు ట్రంపెట్ గొట్టం సుమారు 148 సెంటీమీటర్లు, దీనిది అందులో సగమే. అంత పొట్టి గొట్టంలో తయారీలో వెంట్రుకవాసి తేడా వచ్చినా శ్రుతి తప్పుతుంది. "మెరుపు చూడకు బాబూ, శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టి ఒక్కో స్వరం ఊది చూడు" అన్నారు. నాలుగో వాల్వు స్వరాన్ని 5 అర్ధస్వరాలు దించుతుంది. అది లేకపోతే కింద కొన్ని స్వరాలు సరిగ్గా పలకవు. గాలి లీకవుతోందేమోనని కూడా చూశాం. వాల్వుకుండే జారుడు గొట్టాన్ని (స్లైడ్) లాగి ఆ వాల్వు నొక్కితే 'టప్'మంది, హమ్మయ్య అనిపించింది!

ఒక్క సంగతి, పెదాలు ఆనించి ఊదే నా పాత మౌత్‌పీస్ దీనికి పట్టలేదు. కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాయిద్యం) కొలతలో షాంక్, అంటే వాయిద్యంలోకి దూరే కాడ, ఉన్నది వేరే కొనాల్సి వచ్చింది. కొనేవాళ్లు ఆ ఖర్చూ లెక్కేసుకోండి.

పెదాలు త్వరగా అలసిపోతున్నాయి, ప్రస్తుతానికి రోజుకు పది నిమిషాలే. క్రిస్మస్‌కి మా చర్చిలో దీంతో ఒక్క కీర్తనైనా వాయించాలని ఉంది.