తనిఖీ రిపోర్టు చేతిలో ఉంటే మాట నెగ్గింది

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉండేవాళ్లెవరూ 2007 ఆగస్టు 1ని మర్చిపోలేరు. మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన నదిలోకి కూలి 13 మంది చనిపోయారు. అందుకే మా అమ్మాయి స్కూల్ బస్సు రోజూ వెళ్లే హైవే వంతెన కింద కాంక్రీటు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడటం చూశాక నాకు టెన్షన్ పట్టుకుంది.

ముందు మా స్టేట్ రిప్రజెంటేటివ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. నిధులకి అవతలి పార్టీ అడ్డుపడుతోందన్నారు. సెనేటర్‌ది ఆ అవతలి పార్టీయే. అక్కడ అడిగితే రవాణా శాఖలో దుబారా ఎక్కువైందన్నారు. వంతెన పరిస్థితి గురించి ఇద్దరూ ఒక్క ముక్కా చెప్పలేదు. చాలా కోపం వచ్చింది.

తర్వాత తనిఖీ రిపోర్టు ఇమ్మని శాఖకి రాశాను. ఇక్కడి చట్టం ప్రకారం ప్రభుత్వ సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. వాహనాలు నడిచే పైభాగానికీ (డెక్), దాన్ని మోసే దూలాలకీ, కింది స్తంభాలకీ 0 నుంచి 9 దాకా విడివిడిగా రేటింగులుంటాయి. 4 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఆ భాగం బాగోలేదని లెక్క. రేపే కూలిపోతుందని కాదు. స్తంభాలకి గతసారి 5 ఉంటే, ఈసారి 4 వచ్చింది.

అసెంబ్లీ రవాణా కమిటీలో మాట్లాడటానికి పేరిచ్చే ముందు 2008 సంగతులు చదివాను. పెట్రోలు పన్ను పెంచే రవాణా బిల్లుని గవర్నర్ పాలెంటీ వీటో చేస్తే, ఆయన సొంత రిపబ్లికన్ పార్టీ సభ్యులే ఆరుగురు అవతలి పక్షంతో కలిసి ఆ వీటోని ఓడించారు. తర్వాత వాళ్లలో కొందరికి పార్టీ మద్దతు దక్కలేదు. పదేళ్లలో ప్రమాదకరమైన వంతెనల్ని బాగుచేసే కార్యక్రమం ఆ చట్టంతోనే వచ్చింది. ఐ-35డబ్ల్యూ వంతెన కూలడానికి అసలు కారణం డిజైన్‌లో గసెట్ ప్లేట్లు, అంటే దూలాల్ని కలిపే ఉక్కు పలకలు, పల్చగా ఉండటమని అదే ఏడాది చివర్లో దర్యాప్తు తేల్చింది. అయినా ఆ ఆరుగురు చేసింది సరైన పనేనని నా నమ్మకం. మిగతా వంతెనలు పాడవుతూనే ఉన్నాయి కదా!

కమిటీలో నాకు రెండు నిమిషాలే ఇచ్చారు. ఏ పార్టీ ఊసూ ఎత్తలేదు. రెండు రేటింగులూ చదివి, "ఈ వంతెన మరమ్మతు ఏ ఏడాది ప్రణాళికలో ఉంది? లేకపోతే ఎందుకు లేదు?" అని అడిగాను. ఛైర్మన్ అదే ప్రశ్న శాఖ అధికారికి వేశారు. అప్పటికప్పుడు ఆయన దగ్గర జవాబు లేదు.

కొన్ని వారాలకి ఉత్తరం వచ్చింది. మరమ్మతుని ప్రణాళికలో చేర్చారట. అప్పటిదాకా రెండేళ్లకోసారి కాకుండా ఏటా తనిఖీ చేస్తారట. ఆ ఉత్తరం కాపీలు రిప్రజెంటేటివ్, సెనేటర్ ఆఫీసులు రెండింటికీ పంపాను. ఆ ప్రణాళికకి డబ్బిచ్చే బిల్లు సభకి వచ్చినప్పుడు ఇద్దరూ ఎటు ఓటేస్తారో చెప్పమని అడిగాను.