మూతపడ్డ మిల్లు ఫొటోలు, గోదారి చెమ్మ

మండపేట వైపు మూతపడ్డ ఓ బాయిల్డ్ రైస్ మిల్లులో ఫొటోలు తీయడానికి యజమాని ఒప్పుకోవడమే గొప్ప. అన్నదమ్ముల వాటాల గొడవ నడుస్తోంది, నన్ను అవతలి వాళ్లు పంపారేమోనని ఆయన అనుమానం. వాచ్‌మన్ తాళం తీస్తూ "లోపల ఏముందండీ బాబూ, గబ్బిలాలు తప్ప!" అన్నాడు.

ధాన్యం నానబోసే సిమెంటు తొట్లు, బెల్టులు ఊడిన పుల్లీలు, గోడ మీద సుద్దముక్కతో రాసిన బస్తాల లెక్క. అందులో ఒక కొట్టివేత కూడా ఉంది, ఎవరికి తగ్గించారో ఏమో. జర్మనీకి చెందిన ఫొటోగ్రాఫర్లు బెర్న్‌డ్, హిల్లా బెకర్ దంపతులు ఇలాంటి కట్టడాల్ని మబ్బు పట్టిన రోజుల్లో తీసేవారు, నీడలు పడకుండా. 1990లో ఇటలీలోని వెనిస్ బినాలే అనే కళా ప్రదర్శనలో వాళ్ల ఫొటోలకి శిల్పకళ బహుమతి ఇచ్చారు! పొగగొట్టాన్ని నేనూ మబ్బులోనే తీశాను. లోపల మాత్రం పెంకుల సందుల్లోంచి ఎండ పడాల్సిందే.

తీయడం ఒక ఎత్తు, ప్రింట్లు కాపాడుకోవడం ఇంకో ఎత్తు. మా డెల్టాలో వానాకాలం చెప్పులకే బూజు పడుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే నిలబడితే కాగితాన్నీ వదలదు. ఆమ్లం లేని నూలు కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో (రంగు పొడి కలిపిన ఇంకు) ప్రింట్లు వేయించాను. ఫ్రేముల షాపతను ఒకదాన్ని నేరుగా అద్దానికి ఆనించి, వెనక పాత పేపరు పెట్టి, సెలోటేపు అంటించి ఇచ్చాడు. "అందరికీ ఇలాగే కడతామండి" అన్నాడు. చెమ్మ చేరితే ప్రింటు అద్దానికి అతుక్కుపోవచ్చు, పాత పేపర్లోని ఆమ్లం వల్ల పసుపెక్కుతుంది, టేపు జిగురు మరక పడితే ఇక పోదు. అక్కడే విప్పించాను. యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేని) మౌంట్ బోర్డు అట్ట తెప్పించి, మధ్యలో చట్రంలా కోయించి, అద్దానికీ బొమ్మకీ ఎడం ఉండేలా కట్టించాను. మూలలకు కాగితపు జేబులే, జిగురు లేదు.

మిగతావి మధ్య మధ్య యాసిడ్ ఫ్రీ కాగితం వేసి పెట్టెలో పడుకోబెట్టాను. పీవీసీ కవర్ల జోలికి పోలేదు, పాలియెస్టర్‌వి అయితే పర్వాలేదు. బీరువా వాన కొట్టే గోడకి కాకుండా లోపలి గోడకి జరిపాను. అమ్మ కలరా ఉండలు వేయమంది. అవి పురుగులకే, తేమ పీల్చవు. సిలికా జెల్ పెట్టాను. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే మార్చాలి. ముసురు పట్టినప్పుడు పెట్టె అసలు తెరవను.