ఎర్ర అక్షరాల్లో "లెవెల్ చాలదు"

"కత్తి ఇచ్చావు. పట్టుకోనివ్వవు. ఇదేం ఇవ్వడం అమ్మా?"

మా పన్నెండేళ్లవాడు ఈ మాట అన్నది ఆటనా, నన్నా అని వారం నుంచి ఆలోచిస్తున్నాను.

జరిగింది చిన్న విషయమే. డయాబ్లో 2 అనే వీడియో గేమ్ నేను వాడు పుట్టకముందు నుంచీ ఆడుతున్నాను. 2021లో అది కొత్త హంగులతో వచ్చినప్పుడు ఒక ఉమ్మడి పెట్టె కూడా పెట్టారు. పాత్ర అంటే ఆటలో మన తరఫున తిరిగే మనిషి. మన పాత పాత్ర దాచిన వస్తువుని కొత్త పాత్ర తీసుకోవచ్చు. నా ఖాతాలోనే వాడికో కొత్త పాత్ర చేసిచ్చి, మహా దాతలాగా నా పాత కత్తి ఒకటి ఆ పెట్టెలో వేశాను. వాడు ఆత్రంగా తీశాడు. కత్తి వివరాల్లో ఎర్రటి అక్షరాలు: ఇంత లెవెల్ కావాలి. లెవెల్ అంటే ఆడేకొద్దీ పాత్రకి పెరిగే స్థాయి. వాడి లెవెల్ ఆరు. కత్తికి కావలసింది దానికి ఎన్నో రెట్లు.

నేను వెంటనే ఆట తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. దేనికైనా టైమ్ రావాలి నాన్నా, నిన్న మొదలుపెట్టినవాడి చేతికి ఆ కత్తి వస్తే ఇక ఆడటానికి ఏం మిగులుతుంది, అని మొదలుపెట్టి చాలాసేపే చెప్పాను. చరిత్ర కూడా చెప్పాను, వాడు అడక్కపోయినా. 1999లో ఎవర్‌క్వెస్ట్ అనే, ఎంతోమంది కలిసి ఆడే ఆట వచ్చిన కొత్తలో ఇలాంటి అడ్డం పెద్దగా ఉండేది కాదు. బాగా ముదిరిన ఆటగాళ్లు తమ గొప్ప కవచాల్ని నిన్నగాక మొన్న పుట్టిన పాత్రలకి తొడిగేసేవాళ్లు. అందులో బూజు పట్టిన పొలుసుల చొక్కా ఒకటి ఉండేది. వేసుకున్నవాడికి గాయాలు వాటంతటవే మానిపోతుంటాయి. అది తొడుక్కున్న పసివాడు తన ఈడు రాక్షసుల మధ్య నిలబడి ఆవలిస్తే చాలు. పక్కన చినిగిన గుడ్డలతో నిజాయితీగా ఆడుతున్న కొత్తవాడి గతేంటి? లెవెల్ షరతు పుట్టింది ఇలాంటి గారాబాల్ని ఆపడానికే అన్నాను.

"అది వేరేవాళ్లతో ఆడేటప్పుడు కదా. ఇక్కడ నేనొక్కడినే ఉన్నాను. ఎవరికి అన్యాయం?" అన్నాడు.

నిజమే. నా దగ్గర జవాబు లేదు. అందుకే గొంతు పెంచాను.

వాడు మాత్రం తగ్గలేదు. కత్తి బరువు, నీకు బలం చాలదు అంటే ఒప్పుకుంటాడట. లెవెల్ చాలదు అంటే ఏంటి అర్థం? కత్తికి నా లెవెల్ ఎలా తెలుసు? ఈ ప్రశ్న వాడొక్కడిదే కాదు. 1996 నాటి మొదటి డయాబ్లోలో వస్తువులు అడిగింది బలం, నేర్పు, మంత్రశక్తి మాత్రమే. ఇవి మూడూ ఆ లోకంలో ఉండే సంగతులు. రెండో ఆటలో వాటి పక్కన లెవెల్ కూడా చేరింది. లెవెల్ అనేది ఆ లోకం బయట, లెక్కల పుస్తకంలో ఉండే అంకె. విచర్ 3 అనే ఆట సంగతి ఇంకా విడ్డూరం. అందులో కథానాయకుడు ఏళ్ల తరబడి కత్తి తిప్పుతూ రాక్షసుల్ని వేటాడినవాడు. అలాంటి మనిషికి దారిలో దొరికిన కత్తి "నీకింకా లెవెల్ రాలేదు" అంటుంది. ముప్పై ఏళ్లు వంట చేసిన ఆవిడకి కొత్త గరిట అడ్డం తిరిగినట్టు.

లెవెల్ అంకె పెట్టకుండా కూడా తోవలున్నాయి, వేరే ఆటల్లో. మారోవిండ్‌లో గొప్ప కత్తి మొదటి గంటలో దొరికినా ఎవరూ లాక్కోరు. తిప్పుకో. నీకు నేర్పు లేదు కాబట్టి పది వేట్లలో చాలావరకు గాలికి పోతాయి, అంతే. డార్క్ సోల్స్‌లో బలం చాలని కత్తిని కూడా చేతికిస్తారు. దెబ్బ మాత్రం నీరసంగా పడుతుంది. రెండు చేతులా పట్టుకుంటే నీ బలం ఒకటిన్నర రెట్లుగా లెక్క, 16 ఉంటే 24. నాకు ఈ రెండు చేతుల ఏర్పాటంటే చాలా ఇష్టం. చాలనివాడు చాలనట్టే, కానీ కష్టపడి పట్టుకోవచ్చు. 2017 నాటి జెల్డాలో అసలు లెవెళ్లే లేవు. రాతిలో దిగిన కత్తిని లాగుతుంటే నీ ప్రాణం కొంచెం కొంచెంగా కారిపోతుంది. ఆ ఆటలో ప్రాణాన్ని గుండెలతో కొలుస్తారు. నిండు గుండెలు 13 ఉంటే కత్తి వస్తుంది, లేకపోతే నువ్వు పోతావు. అదీ షరతే. కాకపోతే కత్తి తానే అడుగుతోంది.

ఇదంతా విని వాడు "మరి మనకి కూడా ఇలాంటివి ఉన్నాయా?" అన్నాడు. 'మనకి' అంటే తెలుగువాళ్లకి అని. ఈ 'మన' కోసం నేను పన్నెండేళ్లుగా కాచుకుని ఉంటాను. వదులుతానా? భారతంలో అశ్వత్థామ కథ ఎత్తుకున్నాను. అశ్వత్థామ ద్వారకకి వెళ్లి కృష్ణుణ్ణి చక్రం ఇమ్మని అడిగాడు. కృష్ణుడు వయసు అడగలేదు, అర్హత అడగలేదు. తీసుకో అన్నాడు. అశ్వత్థామ ఎడమ చేత్తో పట్టి లాగాడు, కదల్లేదు. కుడి చేత్తో లాగాడు, కదల్లేదు. తల దించుకుని వెళ్లిపోయాడు.

"జెల్డా కత్తిలాగే!" అన్నాడు మావాడు. నాకు ఆ రోజుకి చాలనిపించింది.

"అయితే వాడికి ఇంకేం ఆయుధాలూ రాలేదా?"

వచ్చాయి. ద్రోణుడు బ్రహ్మశిరోస్త్రాన్ని అర్జునుడికి నేర్పాడు. కొడుకు అశ్వత్థామ నాకూ కావాలన్నాడు. మనసులో అంత ఇష్టం లేకపోయినా, మనుషుల మీద వాడొద్దని చెప్పి నేర్పాడు. అంటే ఉమ్మడి పెట్టెలో వేశాడు. చివరికి ఇద్దరూ ఎదురెదురుగా వదిలారు. ఋషులు వచ్చి ఆపమంటే అర్జునుడు తనది వెనక్కి తీసుకున్నాడు, అశ్వత్థామకి చేతకాలేదు. వదలడానికి లెవెల్ సరిపోయింది, తిరిగి పిలవడానికి సరిపోలేదు.

"అసలు ఎందుకు వదిలాడు? ముందు ఏం జరిగింది?"

ముందు జరిగింది ఆ రాత్రి సంగతి. నిద్రపోతున్న పిల్లల సంగతి. నా నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది: "అది నువ్వు కాస్త పెద్దయ్యాక."

వాడు నవ్వాడు. నాకు నచ్చని నవ్వు. ఆ తర్వాతే ఆ మాట. "కత్తి ఇచ్చావు. పట్టుకోనివ్వవు." ఆ తర్వాత లెక్క చదివాడు. మహాభారతం చివర, పెద్దయ్యాక. పెద్దవాళ్లు ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేవి, పెద్దయ్యాక. తాతయ్య ఉత్తరాలు, తెలుగు బాగా వచ్చాక. "గేమ్‌లో అయినా ఎంత లెవెల్ కావాలో ఎర్రగా రాసి ఉంటుంది. నువ్వు అది కూడా రాయవు."

ఇంతకీ ఈ డయాబ్లో 2కి అమెరికా రేటింగ్‌లో 17 ఏళ్లు నిండాలని ఉంది. ఆ షరతుని నేనే పక్కకి నెట్టి, రాక్షసుల్ని నరకడానికి పన్నెండేళ్లవాణ్ణి కూర్చోబెట్టాను. సొంత తాత చేతిరాతకి మాత్రం గేటు వేశాను. ఈ పాటి వివేకంతో నేను ఇతర తల్లులకి సలహాలు కూడా ఇస్తుంటాను. పిల్లలకి భాషని కొంచెం కొంచెంగా ఇవ్వండి, మోయలేనిది పెట్టకండి అని. నా మాట విని ఎవరైనా పాటించారేమో, పాపం.

ఆ ఉత్తరాలు మా నాన్న నాకు రాసినవి. ఆయన పోయి నాలుగేళ్లు. గొలుసుకట్టు రాత, వాడికి నిజంగానే కష్టం. కానీ కష్టం కాబట్టి ఇవ్వలేదంటే అబద్ధం. పైన ఉన్న ఉత్తరాలు ఆరోగ్యం జాగ్రత్తలే. అడుగున రెండు మూడు ఉన్నాయి, మేం మాట్లాడుకోవడం మానేసిన ఏడాదివి. వాటిని నేనే మళ్లీ తెరవలేదు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ అనే ఆటలో 2008లో వారసత్వ వస్తువులని తెచ్చారు. పసి పాత్రకి ఇచ్చినా అడ్డం చెప్పవు, ఆ పాత్ర లెవెల్‌తో పాటు అవీ పెరుగుతాయి. వినగానే భాష కూడా అలా ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ వస్తువులు ఒకే ఖాతాలోని పాత్రల మధ్యే తిరుగుతాయి, ఇంకో మనిషి ఖాతాకి పోవు. వాడు నా ఖాతాలో పాత్రా, వేరే ఖాతానా? పన్నెండో ఏట ఇది తేలేలా లేదు. నలభై అయిదో ఏట నాకూ తేల్లేదు.

మొన్న ఆదివారం పైనున్న ఉత్తరం ఒకటి తీసి చేతికిచ్చాను. రెండు చేతులా పట్టుకున్నాడు, మాటవరసకి కాదు, నిజంగానే. మొదటి మాటే "ఉభయకుశలోపరి". ఉ, భ, య అంటూ విడివిడిగా చదివి ఆగిపోయాడు. "ఇదేంటి, బాస్ ఫైటా?" మీరూ మేమూ క్షేమం, ఇక విషయానికొద్దాం అన్నట్టు అని చెప్పాను. మళ్లీ మొదలుపెట్టాడు. అయిదు మాటలకి నాలుగు గాలికి పోతున్నాయి. అయిదోది తగిలినప్పుడల్లా నా మొహం కేసి చూశాడు. పావుగంటకి పేజీలో మూడో వంతు.

"ఇంకోటి? కింద ఉన్నది?"

"అది తర్వాత," అన్నాను.

గదిలోకి వెళ్లి ఎర్ర పెన్సిల్ తెచ్చి ఉత్తరాల పెట్టె మీద పెట్టాడు. ఎంతో రాయి అన్నాడు.

పెన్సిల్ ఇంకా అక్కడే ఉంది. నేను ఏ అంకే వెయ్యలేదు.