మెడ ఎవరి చేతుల్లో ఉంది?

ప్రొఫెషనల్ రెజ్లింగ్ మాట ఎత్తితే మన ఇళ్ళలో మొదట వినిపించేది "అదంతా ఉత్తుత్తిదే" అన్న మాట. విశాఖపట్నంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న నన్ను పిల్లల తల్లిదండ్రులు కూడా ఇదే అడుగుతారు: "ఎవరు గెలవాలో ముందే అనుకుని దిగుతారు కదా మాస్టారూ, ఇంక దెబ్బలెందుకు తగులుతాయి?" గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయన్నది నిజమే. అయితే నూరు కిలోల మనిషిని తలకిందులుగా ఎత్తి కింద వేసినప్పుడు ఆ బరువులో నటన ఏమీ ఉండదు. రింగు అడుగున ఉక్కు దూలాలు, వాటి మీద చెక్కపలకలు, ఆపైన పలుచని స్పాంజి పొర, కాన్వాసు గుడ్డ ఉంటాయి. ఈ ఆటను చిన్నప్పటినుంచి ఇష్టంగా చూస్తున్నవాణ్ణి కనుక, దెబ్బలు ఎక్కడ, ఎందుకు తగులుతాయో నాకు తెలిసినంతవరకు వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

రెజ్లర్ మొట్టమొదట నేర్చుకునేది కొట్టడం కాదు, పడడం. దాన్ని వాళ్ళు బంప్ తీసుకోవడం అంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, ఊపిరి వదులుతూ, వీపు పైభాగం మొత్తం ఒకేసారి నేలకు తగిలేలా వెల్లకిలా పడాలి. అదే క్షణంలో రెండు అరచేతులతో నేలను చరచాలి. అలా పడితే దెబ్బ ఒక్కచోట చేరకుండా విశాలంగా పరుచుకుంటుంది, తల వెనుకభాగం నేలకు తగలదు. ఇది శరీరానికి అలవాటయ్యేదాకా మంచి శిక్షకులు పెద్ద విన్యాసాల జోలికి పోనివ్వరు.

నా ఉద్దేశంలో ఒక విన్యాసం ఎంత ప్రమాదకరమో తెలుసుకోవడానికి, ఎంత ఎత్తునుంచి పడుతున్నారన్నదానికంటే ముందు, పడేవాడికి తాను పడే తీరుమీద ఎంత అదుపు ఉందో చూడాలి. పైల్‌డ్రైవర్‌నే తీసుకోండి. అందులో కిందికి వెళ్ళేవాడి తల ఎదుటివాడి తొడల మధ్య ఉంటుంది, శరీరం తలకిందులుగా ఉంటుంది, చేతులు ఆనించుకునే వీలుండదు; ఎత్తినవాడు అతణ్ణి అలాగే పట్టుకుని కిందికి కూర్చుంటాడు. అతని మెడ పూర్తిగా ఎదుటివాడి వశంలో ఉంటుంది. 1997 ఆగస్టులో సమ్మర్‌స్లామ్ పోటీలో ఓవెన్ హార్ట్ అనే రెజ్లర్, స్టీవ్ ఆస్టిన్‌కు వేసిన పైల్‌డ్రైవర్‌లో, ఆస్టిన్ తల తొడల కిందికి జారి ఉండగానే ఓవెన్ కూర్చుండిపోయాడు. ఆస్టిన్ నడినెత్తి నేరుగా నేలకు గుద్దుకుంది. కొద్దిసేపు అతనికి కాళ్ళూ చేతులూ కదలలేదు. ఓవెన్ ప్రేక్షకులవైపు తిరిగి సమయం గడుపుతుండగా ఆస్టిన్ ఎలాగో పాకుతూ వచ్చి ఆట ముగించాడు. ఆ తరువాత మెడకు శస్త్రచికిత్స అవసరమైంది, 2003 నాటికి ఆటకే దూరం కావలసి వచ్చింది. ఆ కాలంలో అతనికంటే పేరున్న రెజ్లర్ లేడు. అంతటివాడి ఆట ముందుగానే ఆగిపోవడానికి మూలం ఆ కొన్ని అంగుళాల తేడాయే.

డారెన్ డ్రోజ్‌డోవ్ అనే రెజ్లర్ విషయంలో కోలుకుని మళ్ళీ ఆడే అవకాశం కూడా మిగలలేదు. 1999 అక్టోబరులో న్యూయార్క్ సమీపంలో టీవీ కోసం చిత్రీకరిస్తున్న పోటీలో, డీలో బ్రౌన్ పరుగెత్తుతూ వేయబోయిన, ఎదుటివాణ్ణి భుజాలదాకా ఎత్తి వీపుమీద పడేసే పవర్‌బాంబ్‌లో పట్టు సరిగ్గా దొరకలేదు. డ్రోజ్‌డోవ్ తలమీద పడ్డాడు, మెడ విరిగింది. 2023లో మరణించేవరకు అతను చక్రాల కుర్చీలోనే గడిపాడు. ఇద్దరిలో ఎవరికీ దురుద్దేశం లేదు, ఇద్దరూ శిక్షణ పొందినవాళ్ళే. తన ప్రమాదానికి బ్రౌన్‌ను ఎన్నడూ నిందించని డ్రోజ్‌డోవ్ మంచితనం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఎగిరి చేసే విన్యాసాలలో మెడ చేసేవాడి సొంత బాధ్యత. 2003 రెజిల్‌మేనియాలో బ్రాక్ లెస్నర్ తాడు మీదినుంచి గాలిలో వెనక్కి మొగ్గ వేస్తూ ముందుకు దూకినప్పుడు దూరం చాలక తల, మెడ మీద పడ్డాడు; కంకషన్‌తోనే, అంటే మెదడు అదిరిన గాయంతోనే, ఆట పూర్తి చేశాడు. జపాన్ రెజ్లర్ హయాబుసా అంత అదృష్టవంతుడు కాలేకపోయాడు. 2001లో తాళ్ళమీద కాలు జారి తలమీద పడి, ఒక్క క్షణంలో శరీరం చచ్చుబడింది.

ఎత్తు విషయంలో అందరికీ గుర్తుండేది 1998లో రెజ్లర్ మిక్ ఫోలీ కిందపడిన ఘటనే. రింగు చుట్టూ కట్టిన సుమారు పదహారు అడుగుల ఎత్తైన పంజరం కప్పుమీదినుంచి ప్రత్యర్థి అండర్‌టేకర్ అతణ్ణి వ్యాఖ్యాతల బల్లమీదికి విసిరివేయడం ముందే అనుకున్నది. భయంకరంగా కనిపించినా, ఫోలీ లేచి నడిచి మళ్ళీ పైకెక్కాడు. అసలు హాని రెండోసారి జరిగింది. కప్పు పలక అనుకోకుండా ఊడిపోయి నేరుగా రింగులోకి పడ్డాడు, వెంట పడిన కుర్చీ ముఖానికి తగిలింది, కాసేపు స్పృహ లేదు. పడబోతున్నానని తెలిసి దానికి సిద్ధమైన శరీరం వేరు, ఏమీ తెలియకుండా పడే శరీరం వేరు.

ఆస్టిన్‌కు ఆ పైల్‌డ్రైవర్ వేసిన ఓవెన్ హార్ట్ మరణం మాత్రం కుస్తీ పట్టువల్ల జరిగింది కాదు. 1999 మే 23న కాన్సస్ సిటీలో పైకప్పునుంచి తాడుతో దిగుతూ రింగులోకి ప్రవేశించే ఘట్టంలో, నడుముకు కట్టిన పట్టీ కొక్కెం ముందే ఊడిపోయి డెబ్బై అడుగులకు పైగా కిందికి పడి చనిపోయాడు. ఆ రాత్రి ప్రదర్శన ఆపకుండా కొనసాగించారు. దాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

కళ్ళకు కనిపించే ప్రమాదాలకంటే, ఏళ్ళ తరబడి పోగయ్యే హాని ఇంకా తీవ్రమైనదని నాకు అనిపిస్తుంది. జపాన్‌లో అత్యంత గౌరవం పొందిన మిత్సుహరు మిసావా 2009 జూన్‌లో హిరోషిమాలో జరిగిన పోటీలో ఒక సప్లెక్స్ (ఎదుటివాణ్ణి పట్టుకుని ఎత్తి వెనక్కి పడేసే పట్టు) తిని లేవలేదు. అదే రాత్రి నలభై ఆరేళ్ళకే మరణించాడు. అది అతను వృత్తి జీవితంలో లెక్కలేనన్నిసార్లు తట్టుకున్న పట్టే. తలకు తగిలే దెబ్బలూ ఇంతే. 2007లో క్రిస్ బెన్వా అనే రెజ్లర్ భార్యనూ కొడుకునూ చంపి ఆత్మహత్య చేసుకున్న తరువాత, అతని మెదడును పరీక్షించిన వైద్యులు పదే పదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే సీటీఈ అనే జబ్బు గుర్తులు ఉన్నాయని చెప్పారు. ఆ నేరాన్ని ఈ జబ్బుతో కడిగివేయడం నాకు సమ్మతం కాదు. అయినా ఆ తరువాతే ఆటలో జాగ్రత్త పెరిగిందన్నది వాస్తవం. కుర్చీతో తలమీద కొట్టడాన్ని అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ 2010లో నిషేధించింది. కంకషన్ల కారణంగా 2016లో విరమించిన డేనియల్ బ్రయన్‌ను వైద్యులు అనుమతించేదాకా, అంటే 2018 వరకు, మళ్ళీ ఆడనివ్వలేదు. ఇన్ని నియమాలున్నా 2022 మార్చిలో రింగు బయట నేలమీద వేసిన ఒక సప్లెక్స్‌లో బిగ్ ఈ అనే రెజ్లర్ మెడ ఎముక విరిగింది.

ఇవన్నీ శిక్షణ, వైద్యులు, నిజంగా దెబ్బ తగిలితే తలపైన చేతులు అడ్డంగా పెట్టి సైగచేసే రిఫరీ ఉన్నచోట జరిగినవి. మన పిల్లలు సాయంత్రాలు ఆర్కే బీచ్ ఇసుకలోనో, ఇంట్లో మంచంమీది పరుపుపైనో అవే పట్లు ప్రయత్నిస్తారు. ఇసుక మెత్తన అనుకోవడం పొరపాటు. అల తాకి వెళ్ళిన తడి ఇసుక తలకు తగిలితే దాదాపు గట్టినేలతో సమానం. అదే బీచ్ రోడ్డులో విగ్రహమై నిలిచిన కోడి రామమూర్తి నాయుడు గారు, గుండెలమీద ఏనుగును నిలుపుకున్న మహానుభావుడు, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవారన్న సంగతి మా పిల్లలకు నేను గర్వంగా చెబుతాను. ఆ బలం వెనుక చిన్ననాటినుంచి చేసిన సాధన ఉందని కూడా చెబుతాను. పైల్‌డ్రైవర్, పవర్‌బాంబ్, తలకిందులుగా ఎత్తే ఏ పట్టయినా మా మైదానంలో నిషిద్ధం. పడడం నేర్చుకోవాలని ఉన్నవాళ్ళకు జూడో చాపమీద నేర్పిస్తాను.

ఎక్కడైనా ఒక పిల్లవాడు తలమీద పడితే, పక్కనున్నవాళ్ళు చంకలకింద చేతులువేసి లేపి ఆటోలో కూర్చోబెట్టడం మన దగ్గర మామూలు. దయచేసి అలా చేయకండి. మెడ ఎముక విరిగి ఉంటే, వెన్నుపాముకు అప్పటిదాకా లేని హాని ఆ లేపడంలోనే జరగవచ్చు. పడుకున్నచోటే ఉంచి, తల అటూ ఇటూ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, 108కి ఫోన్ చేయాలి. చేతివేళ్ళలో తిమ్మిరి, కాళ్ళు కదలకపోవడం, మెడలో నొప్పి ఉన్నాయేమో అడగాలి. లేచి ఆడుకుంటున్నా సరే, ఆ రోజూ మరునాడూ వాంతులు, మగత, పెరుగుతున్న తలనొప్పి, అడిగిందే మళ్ళీ అడగడం వంటివి కనిపిస్తే వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాలి. కంకషన్ అని తేలిన పిల్లవాణ్ణి డాక్టరు సరేననేదాకా ఏ ఆటకూ పంపకూడదు, కబడ్డీకి కూడా.